మెడ, భుజాలు పట్టేసినప్పుడు ఇంట్లో గువా షా ఎలా చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు

ఇన్‌స్టాలో మొహానికి రుద్దుకునే గులాబీ రంగు రాయి చూసి గువా షా అంటే అదే అనుకుంటున్నారు చాలామంది, నేను చెప్పబోయేది అది కాదు. చైనాలో ఇళ్లల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, ఆసుపత్రుల్లో చైనా సంప్రదాయ వైద్యం చేసే డాక్టర్లు చేసే అసలు గువా షా మెడకీ భుజాలకీ వీపుకీ. నూనె రాసి, నున్నటి అంచున్న పనిముట్టుతో చర్మాన్ని ఒకే దిక్కుగా గీకుతూ పోతారు, కాసేపటికి అక్కడ ఎర్రటి చుక్కలు, మచ్చలు తేలతాయి, ఆ చుక్కలనే వాళ్లు షా అంటారు. చూసేవాళ్లకి ఎవరో కొట్టారేమో అనిపిస్తుంది. కానీ పద్ధతి ప్రకారం చేస్తే చర్మం చిట్లదు, నొప్పి ఓర్చుకోగలిగినంతే ఉంటుంది, చాలామందికి లేచి మెడ తిప్పగానే కాస్త వదులైనట్టు తెలుస్తుంది. పద్ధతి తప్పితే చర్మం గీరుకుపోతుంది, కొందరి విషయంలో నిజంగా ప్రమాదం కూడా ఉంది, అందుకే మొత్తం చదివాకే స్పూన్ చేతిలోకి తీసుకోండి.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. యువాన్ రాజవంశం కాలంలో వెయ్ ఇలిన్ అనే వైద్యుడు 1337లో పూర్తి చేసిన వైద్య గ్రంథంలో దీని గురించి ఉంది, అప్పట్లో రాయి కాదు స్పూన్ కాదు, నార పోగుల్ని నీళ్లలో ముంచి మెడ మీద, మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర గీకాలి, చర్మం కింద కొర్రగింజలంత ఎర్ర చుక్కలు కనిపించాక ఆపేసి దుప్పటి కప్పి కాస్త గంజి తాగించాలి అని రాశాడాయన. దాదాపు 700 ఏళ్ల కిందటి మాట, ఇవాళ్టికీ పద్ధతి మూలం అదే: గీకడం, చుక్కలు రాగానే ఆపడం, వెచ్చగా కప్పడం, వేడిగా ఏదైనా తాగించడం. తర్వాత ఇది చైనాకే ఆగిపోలేదు, వియత్నాంలో కావ్ జో అంటారు, ఇండోనేషియాలో కెరోకన్ అని నాణెంతో చేస్తారు, అక్కడ జలుబు చేసి ఒళ్లు నొప్పులుంటే ఇంట్లో ఎవరో ఒకరు నాణెం, బామ్ పట్టుకుని వీపు మీద గీతలు గీసేస్తారు, వీపంతా చేప ముల్లు ఆకారంలో ఎర్ర చారలు తేలతాయి.

లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అది అర్థమైతేనే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. చర్మం కింద వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలుంటాయి, ఒత్తిడి పెట్టి గీకినప్పుడు వాటిలోంచి కొంచెం రక్తం బయటికొచ్చి చర్మం కిందే చుక్కలుగా కనిపిస్తుంది, చర్మం పైపొర మాత్రం చెక్కు చెదరదు. ఆ చోట రక్తప్రసరణ బాగా పెరుగుతుంది. 2007లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో 11 మంది ఆరోగ్యవంతులకి గువా షా చేసి లేజర్ మెషిన్‌తో కొలిస్తే, చేసిన చోట పైపొరల్లో రక్తప్రసరణ మొదటి ఏడున్నర నిమిషాలూ 4 రెట్లు అయింది, 25 నిమిషాల దాకా కూడా మామూలు కన్నా ఎక్కువే ఉంది. 2011లో జర్మనీలో చాలాకాలంగా మెడనొప్పితో బాధపడుతున్న 48 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఒక్కసారి గువా షా, ఇంకో గుంపుకి వేడి కాపడం ఇచ్చారు, వారం తర్వాత చూస్తే గువా షా గుంపుకే నొప్పి ఎక్కువ తగ్గింది. ఇవి చిన్న పరిశోధనలు, పైగా ఏ చికిత్స చేయించుకుంటున్నారో మనిషికి తెలిసిపోతుంది కదా, దాంతో నమ్మకం పనిచేసిందా చికిత్స పనిచేసిందా అనేది పూర్తిగా విడదీయలేం. నా అభిప్రాయం అయితే కండరాలు పట్టేసిన నొప్పికి కొన్నాళ్ల ఉపశమనం కోసం ఇది చెయ్యదగ్గదే, రోగాలు నయం చేస్తుందని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. ఒంట్లో ఉన్న విషాలన్నీ బయటికొచ్చేస్తాయి అని అమ్మేవాళ్లు రాస్తుంటారు, ఆ ఎర్రదనం విషం కాదు, మీ రక్తమే.

చైనా వైద్యం వాళ్ల లెక్క వేరే ఉంది, ఒంట్లో చీ అనే శక్తి, రక్తం పారుతుంటే నొప్పి ఉండదు, ఎక్కడ నొప్పి ఉందో అక్కడ పారకం ఆగినట్టు అని వాళ్ల వైద్యంలో పాత మాట. షా తేలడం అంటే ఆ ఆగిపోయింది కదిలింది అని అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన భాగం, ఎవరికి చెయ్యకూడదు.

రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకి వద్దు. మన ఇళ్లల్లో 60 దాటిన పెద్దవాళ్లలో గుండెకని రోజూ ఎకోస్ప్రిన్ వేసుకునేవాళ్లు, స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి, నాన్నగారికో అత్తగారికో ప్రేమతో చేద్దాం అనుకునే ముందు వాళ్ల మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి, వాళ్లనడిగితే బీపీ మాత్ర ఒక్కటే అమ్మా అంటారు, డబ్బాలో నాలుగు రకాలుంటాయి. వీళ్లకి చర్మం కింద రక్తం ఎక్కువ కారి పెద్దగా కమిలిపోతుంది. హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లకి, ప్లేట్‌లెట్స్ తక్కువ ఉన్నవాళ్లకి, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లకి కూడా అదే కారణంతో వద్దు.

జ్వరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చైనాలో, వియత్నాంలో, ఇండోనేషియాలో జ్వరానికి, జలుబుకి గీకడం మామూలు విషయం, వీడియోల్లో చూసి మనవాళ్లు కూడా చేద్దాం అనుకుంటారు, కానీ మన దగ్గర వానాకాలంలో జ్వరం అంటే మొదట అనుమానించాల్సింది డెంగీని. డెంగీలో ప్లేట్‌లెట్స్ పడిపోతాయి, చర్మం కింద దానంతటదే రక్తం చుక్కలు వస్తాయి, డాక్టర్ ఒంటి మీద వెతికే గుర్తుల్లో అదొకటి. అలాంటి మనిషికి మీరు గీకితే ఒకటి, లోపల రక్తస్రావం పెరగొచ్చు, రెండు, డాక్టర్‌కి కనిపించాల్సిన గుర్తు మీరు చేసిన ఎర్రదనంలో కలిసిపోతుంది. కాబట్టి జ్వరం ఉంటే గువా షా లేదు. రక్తపరీక్ష చేయించండి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆన్చలేకపోతుంటే అది మెదడు పొరల ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, దాన్ని మెడ పట్టేయడం అనుకుని గీకుతూ కూర్చుంటే ప్రాణాల మీదకొస్తుంది, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఎండదెబ్బ కూడా అంతే. చైనాలో ఎండాకాలం తల తిరిగి వికారంగా ఉన్నవాళ్లకి పింగాణి స్పూన్ నీళ్లలో ముంచి మెడ వెనక గీకే అలవాటు ఉంది, కాస్త నీరసపడ్డవాళ్ల సంగతి వేరు. మే నెలలో మన ఎండలకి వడదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే మాత్రం గీకడాలు లేవు, నీడలోకి తెచ్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి 108కి ఫోన్ చెయ్యడమే.

ఇంకా చర్మం మీద పుండ్లు, సెగ్గడ్డలు, తామర, దద్దుర్లు, ఎండకి కమిలిన చోట్లు, కొత్త కుట్లు ఉంటే ఆ చోట వద్దు. పుట్టుమచ్చలు, పులిపిర్లు ఉంటే వాటిని తప్పించి చెయ్యాలి, స్పూన్ అంచు తగిలితే తెగుతాయి. కాళ్లల్లో నరాలు ఉబ్బినవాళ్లకి, పిక్కలో రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానం ఉన్నవాళ్లకి ఆ కాలు ముట్టుకోవద్దు. గర్భిణులకి పొట్ట, నడుము మీద ససేమిరా వద్దు, భుజం మధ్యలో ఉండే జియాన్‌జింగ్ అనే ఆక్యుపంక్చర్ బిందువుని కూడా చైనా వైద్యులు గర్భిణులకి ముట్టుకోరు, కాబట్టి ఇంట్లో అయితే అసలు చెయ్యకపోవడమే మేలు. షుగర్ ఎక్కువై చర్మానికి స్పర్శ తగ్గినవాళ్లకి కూడా వద్దు, ఎంత నొక్కుతున్నారో వాళ్లకి తెలీదు. చిన్నపిల్లలకి ఇంట్లో చెయ్యకండి.

సరే, ఇవేవీ లేవు, ఆఫీసు పని వల్లో, తల కింద ఎత్తు దిండు వల్లో, బండి నడిపో మెడ భుజాలు పట్టేశాయి, అలాంటప్పుడు ఏం కావాలో చూద్దాం. ఖరీదైనవి అక్కర్లేదు. చైనా ఇళ్లల్లో ఎక్కువగా వాడేది సూప్ తాగే పింగాణి స్పూన్, మందంగా, పొట్టి కాడతో ఉంటుంది, చైనీస్ రెస్టారెంట్లో చూసే ఉంటారు. పాత రోజుల నుంచి గేదె కొమ్ముతో చేసిన పలకలు వాడతారు, జేడ్ రాయి పలకలు కూడా ఉంటాయి, ఇప్పుడు స్టీల్‌వి వస్తున్నాయి. నన్నడిగితే స్టీల్‌ది గానీ పింగాణిది గానీ తీసుకోండి, ఎందుకంటే కొమ్ముకి సన్నటి రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా లోపల మురికి పూర్తిగా పోదు, మరిగే నీళ్లలో వేస్తే వంకరపోతుంది. ఏది తీసుకున్నా ముందు మీ బుగ్గ మీద అంచు నడిపి చూడండి, ఎక్కడైనా చిన్న పెచ్చు లేచి గరుకుగా తగిలితే దాన్ని పక్కన పడెయ్యండి. అరిగిన పాత స్పూన్లు, కత్తి వీపు, దువ్వెన లాంటివాటితో ప్రయోగాలు చెయ్యకండి.

నూనెకి మన నువ్వుల నూనె చక్కగా సరిపోతుంది, కొబ్బరి నూనె కూడా ఓకే, చలికాలంలో గడ్డకడితే కాస్త వేడి చెయ్యండి. నూనె మరీ కారేలా కాదు, అంచు చర్మం మీద జారాలి, పట్టుకుని లాగకూడదు, లాగినట్టనిపిస్తే మళ్లీ రెండు చుక్కలు రాయాలి. అమృతాంజనం, టైగర్ బామ్ రాసి చెయ్యొచ్చా అని అడుగుతారు, ఇండోనేషియాలో అలానే చేస్తారు గానీ బామ్ ఒక్కటీ జారుడు సరిపోదు, గీకాక చర్మం సున్నితంగా ఉన్నప్పుడు మంట కూడా ఎక్కువ పెడుతుంది, మొదటిసారికి ఉత్త నూనెతోనే చెయ్యండి.

చేయించుకునే మనిషి ఖాళీ కడుపుతో ఉండకూడదు, అప్పుడే భోంచేసి ఉండకూడదు, తిన్న గంటకి బాగుంటుంది. గదిలో ఏసీ ఆపెయ్యండి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా చూడండి, ఈ గాలి విషయంలో చైనావాళ్లు చాలా పట్టుదలగా ఉంటారు. కుర్చీని తిప్పి వేసుకుని దాని వీపు మీద చేతులు పెట్టి నుదురు ఆన్చి కూర్చోబెట్టండి, దాంతో మెడ వెనకంతా తెరుచుకుంటుంది, భుజాలు వాలతాయి. జుట్టు పైకి ముడెయ్యాలి, మెళ్లో గొలుసు, మంగళసూత్రం, తాయెత్తు ఏదున్నా తీసి పక్కన పెట్టాలి, లేదంటే కనీసం ముందుకి లాగి అడ్డు రాకుండా చూసుకోవాలి. బట్టలకి నూనె అంటకుండా పాత టవల్ చుట్టండి.

గీకడం మొదలుపెట్టే ముందు అరచేత్తో నూనె పట్టిస్తూ ఆ కండరాలన్నీ ఒకసారి తడిమి చూడండి, ఎక్కడ గట్టిగా తాడులా తగులుతుందో, ఎక్కడ నొక్కితే మనిషి అబ్బా అంటాడో గుర్తుపెట్టుకోండి, అక్కడే ఎక్కువ పని ఉంటుంది.

ఇప్పుడు పట్టు. స్పూన్ అయితే గుంట మీ అరచేతి వైపు ఉండేలా పట్టుకుని పక్క అంచుని వాడండి. పలక అయితే పొడుగు అంచు చర్మానికి ఆనేలా, మిగతాది అరచేతిలో ఇమిడేలా పట్టుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది వాలు దగ్గర. అంచుని నిటారుగా పెట్టి అట్లకాడతో పెనం గీకినట్టు తోస్తారు, అలా చేస్తే చర్మం లేచిపోతుంది. పనిముట్టు మీరు వెళ్లే దిక్కుకే వాలి ఉండాలి, సుమారు 45 డిగ్రీలు, అంటే కిందికి గీకుతుంటే పైభాగం కిందికి వంగి ముందు నడుస్తుంటే అంచు దాని వెనక చర్మం మీద జారుతూ రావాలి. మీ తొడ మీద నూనె రాసుకుని రెండు రకాలుగానూ చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది, ఒకటి గుచ్చుకుంటుంది, ఇంకోటి నొక్కుతూ జారుతుంది.

బలం వేళ్లతో కాదు మోచెయ్యి నుంచి, భుజం నుంచి రావాలి, మణికట్టు వదులుగా ఉంచాలి. ప్రతి గీతా ఒకే దిక్కు, ముందుకీ వెనక్కీ రుద్దొద్దు. గీత 4 నుంచి 6 అంగుళాలు, నిదానంగా, మనసులో ఒకటి రెండు మూడు అనుకునేంతసేపు పట్టాలి, చివర్లో అంచు తేలిగ్గా ఎత్తి మళ్లీ మొదటికి రావాలి. ఎంత వేగంగా చేస్తే అంత నొప్పి, నెమ్మదిగా చేస్తే అదే ఒత్తిడి హాయిగా ఉంటుంది. మొదటి నాలుగైదు గీతలు అలా అలా తేలిగ్గా, తర్వాత కొంచెం కొంచెం ఒత్తిడి పెంచండి. మధ్యమధ్యలో అడుగుతూ ఉండండి, పదికి ఎంత నొప్పి అని, నాలుగు ఐదు దాటకూడదు. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్నారంటే కండరం ఇంకా బిగుసుకుంటుంది, మీరు వదులు చెయ్యాలనుకున్నదానికి అది పూర్తిగా ఎదురు.

వరస ఇలా పెట్టుకోండి. మొదట మెడ వెనక మధ్య గీత: తల వెనక జుట్టు మొదలయ్యే చోటు నుంచి కిందికి, తల వంచితే మెడ అడుగున బొడిపెలా తగిలే పెద్ద ఎముక ఉంటుంది కదా అక్కడి దాకా. ఆ ఎముక కింద గుంటని వాళ్లు దాజుయి అంటారు, చైనా వైద్యంలో చాలా ముఖ్యమైన బిందువు. మధ్యలో ఎముకలున్నాయి కాబట్టి ఇక్కడ చాలా తేలిగ్గా, ఎముక మొనలు బయటికి కనిపించే బక్కపల్చటి మనిషైతే మధ్య గీత వదిలెయ్యండి. తర్వాత దానికి రెండు పక్కలా, వెన్నుకి అంగుళంన్నర దూరంలో దళసరిగా ఉండే కండరం మీద కిందికి. ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క. ఆ తర్వాత చెవి వెనక ఎముక పక్కన జుట్టు అంచులో ఒక గుంట ఉంటుంది, ఫెంగ్‌చి అంటారు దాన్ని, అక్కడ మొదలుపెట్టి మెడ వంపు మీదుగా భుజం మీదకి, భుజం చివరి ఎముక దాకా. ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకి అసలు నొప్పంతా ఈ దారిలోనే ఉంటుంది, ఒకే గీతలో అంత దూరం రాకపోతే రెండు ముక్కలు చెయ్యండి, మెడ నుంచి భుజం మధ్య దాకా ఒకటి, అక్కణ్ణుంచి చివరికి ఒకటి.

మెడ ముందు భాగం, గొంతుకి అటూ ఇటూ మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలుంటాయి, అక్కడ పనిముట్టు ఆనించనే కూడదు. మెడ పక్కన కూడా చెవి కింద గీత దాటి ముందుకి రావొద్దు.

గట్టి చోట్ల మీద పనిముట్టు వెళ్తుంటే చేతికి గరగరమని తగులుతుంది, కొన్నిసార్లు చెవికి కూడా వినిపిస్తుంది. ఆ గరగర ఉన్న చోట కాస్త నెమ్మదించి చిన్న గీతలు చెయ్యండి, కొన్ని గీతలకి అక్కడే మొదట గులాబీ రంగు, తర్వాత సన్నటి ఎర్ర చుక్కలు, అవి కలిసి మచ్చలు అవుతాయి. మామూలుగా ఒక దారికి 10 నుంచి 20 గీతలు, ఒక చోట 3 నుంచి 5 నిమిషాలు చాలు. కొత్త చుక్కలు రావడం ఆగిపోయిందంటే ఆ చోట పని అయిపోయినట్టే, వదిలి ముందుకెళ్లాలి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట: ఎరుపు కోసం గీకొద్దు. కొందరికి పది గీతలకే ముదురు ఎరుపు వస్తుంది, కొందరికి అంతా చేసినా గులాబీ రంగు దాటదు, రానివాళ్లకి రాదు అంతే. వీడియోల్లో వీపంతా వంకాయ రంగు చేసి చూపిస్తుంటారు, అది చూసి మనకి రాలేదే అని ఇంకా ఇంకా నొక్కేస్తే మిగిలేది మామూలు దెబ్బే, కండరం వదులవడానికి షా రావాల్సిన అవసరం లేదు. లేత ఎరుపైతే ఈ మధ్య పట్టేసిందని, ముదురు ఊదా రంగైతే పాత నొప్పి అని చైనా వైద్యులు చదువుతారు, అది వాళ్ల సంప్రదాయం, ఇంట్లో దాన్ని బట్టి రోగం నిర్ణయించుకోకండి. మన రంగు చర్మం మీద, అందులోనూ చామనఛాయ దాటినవాళ్లకి, ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు, పగటి వెలుతుర్లో చెయ్యండి, కంటితో పాటు వేళ్లతో కూడా చూడండి, ఆ చోటు వేడిగా కొంచెం ఉబ్బినట్టు తగిలితే చాలు. చర్మం పైన తడి తగిలినా, గీరుకున్న గీత కనిపించినా అక్కడితో ఆపెయ్యాలి.

మొదటిసారికి మెడ, భుజాలు చాలు, అంతా కలిపి పావుగంట. రెండోసారి నుంచి వీపు పైభాగం కలుపుకోవచ్చు, బోర్లా పడుకోబెట్టి వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా పైనుంచి కిందికి, తర్వాత వెన్ను పక్క నుంచి రెక్క ఎముక వైపు పక్కటెముకల మధ్య సందుల వెంట బయటికి. రెక్క ఎముక అంచు మీద గుద్దుకోకుండా దాని లోపలి పక్కగా పోవాలి. పక్కటెముకలు అయిపోయిన చోట నుంచి నడుము దాకా లోపల కిడ్నీలుంటాయి, అక్కడ ఒత్తిడి సగానికి తగ్గించాలి.

చేస్తుండగా మనిషికి చెమటలు పట్టి, తల తేలిపోతున్నట్టుందన్నా, మొహం పాలిపోయినా వెంటనే ఆపి పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి, తేరుకున్నాక గోరువెచ్చటి నీళ్లలో చక్కెర కలిపి ఇవ్వండి. ఆ రోజుకి మళ్లీ మొదలుపెట్టొద్దు. ఛాతీలో బరువు, దవడలోకో ఎడమ చేతిలోకో లాగే నొప్పి అంటే గుండె సంగతి, అంబులెన్స్ పిలవాలి.

అయిపోయాక మెత్తటి గుడ్డతో నూనె అద్దండి, రుద్దొద్దు. చొక్కా వేసి మెడకి కండువా చుట్టండి, ఒక గ్లాసు వేడి నీళ్లు తాగించండి, కావాలంటే అల్లం వేసి. మూడు నాలుగు గంటలు స్నానం చెయ్యొద్దు, ఆ రోజంతా చన్నీళ్ల స్నానం, ఏసీ గాలి వద్దు, బరువులు ఎత్తొద్దు, జిమ్‌కి వెళ్లొద్దు. ఆ రాత్రి కాస్త ఒళ్లునొప్పిగా, అలసటగా ఉండొచ్చు, ముట్టుకుంటే కమిలిన నొప్పి ఒకట్రెండు రోజులుంటుంది. చుక్కలు 3 నుంచి 7 రోజుల్లో పోతాయి, పోయేటప్పుడు పసుపు, ఆకుపచ్చ రంగులు తిరుగుతాయి, అది మామూలే. వారం దాటినా పోకపోయినా, వాపు పెరిగినా, చీము పట్టినా డాక్టర్‌కి చూపించాలి.

ఆ గుర్తుల సంగతి ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోండి, పెళ్లి, ఫంక్షన్ వారం లోపు ఉంటే చెయ్యకండి. వియత్నాం యుద్ధం అయ్యాక 1970ల్లో అమెరికా చేరిన వియత్నాం కుటుంబాల పిల్లల వీపుల మీద ఈ చారలు చూసి అక్కడి డాక్టర్లు తల్లిదండ్రులు కొడుతున్నారని అనుకున్న సందర్భాలున్నాయి, ఆ పొరపాటు గురించి వైద్య పత్రికల్లో కూడా రాశారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, అక్కడ స్కూల్లో టీచర్‌కి పిల్లల ఒంటి మీద అనుమానంగా ఏం కనిపించినా రిపోర్ట్ చెయ్యడం చట్టం. పిల్లలకి వద్దని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పనిముట్టు శుభ్రం విషయంలో రాజీ పడకండి. రక్తం బయటికి కనిపించకపోయినా గీకినప్పుడు చర్మం నుంచి కంటికి కనిపించనంత తడి అంచుకి అంటొచ్చు, దాంతో హెపటైటిస్ లాంటివి ఒకరి నుంచి ఒకరికి పాకే అవకాశం ఉంది. ఇంట్లో ఎవరిది వాళ్లకే ఉండాలి, పార్లర్‌లో చేయించుకుంటుంటే మీది మీరే తీసుకెళ్లండి. వాడాక సబ్బు, వేడినీళ్లతో జిడ్డు పోయేదాకా తోమి, స్టీల్, పింగాణి అయితే 20 నిమిషాలు మరిగించి ఆరబెట్టండి. ఆ స్పూన్ మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఒంటరిగా ఉండేవాళ్లు అడుగుతారు, మనకి మనం చేసుకోవచ్చా అని. మెడ నుంచి భుజం దాకా ఉన్న దారి చేసుకోవచ్చు, కుడి భుజానికి ఎడమ చెయ్యి, ఎడమ భుజానికి కుడి చెయ్యి, చెయ్యి అలిసిపోతుంది కాబట్టి ఒత్తిడి దానంతటదే తక్కువగా ఉంటుంది, అదీ మంచిదే. మౌస్ పట్టుకుని ముంజేతులు నొప్పెడుతుంటే మోచెయ్యి నుంచి మణికట్టు వైపు పైభాగం మీద తేలిగ్గా చేసుకోవచ్చు. వీపు మాత్రం సొంతంగా ప్రయత్నించొద్దు, వాలు కుదరదు. ఇక మొహానికి చేసేది పూర్తిగా వేరే లెక్క, అక్కడ పలక దాదాపు పడుకోబెట్టి 15 డిగ్రీల వాలుతో ఈక తగిలినంత ఒత్తిడితో చెయ్యాలి, ఎరుపు చుక్క ఒక్కటి కూడా రాకూడదు, పొద్దున్న ఉబ్బు కాసేపు తగ్గుతుంది, దవడ ఆకారం మారిపోతుందన్నది అమ్మేవాళ్ల మాట.

మళ్లీ ఎప్పుడు చెయ్యాలంటే, పాత గుర్తులు పూర్తిగా పోయి, ముట్టుకుంటే నొప్పి లేనప్పుడే, అంటే దాదాపు వారానికి. మూడు నాలుగుసార్లు చేసినా ఏమాత్రం మార్పు లేకపోతే ఆపేసి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి, చేతిలోకి తిమ్మిరి పాకుతున్నా, పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా అన్ని వారాలు కూడా ఆగొద్దు, మెడ నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. చేసిన ప్రతిసారీ ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ప్రతిసారీ ఒకే పక్క, ఒకే చోట ముందు ఎర్రబడుతుంటే మీ కూర్చునే తీరులో అక్కడే ఏదో బరువు పడుతోందని, మౌస్ మరీ దూరంగా ఉందా, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడుతున్నారా, బ్యాగ్ ఎప్పుడూ ఆ భుజానికే తగిలిస్తున్నారా, చూసి అది మార్చుకోండి.